సారుగారి గొంతు

ఆ నియోజకవర్గం ప్రజలకు ఒక గర్వం ఉండేది. మిగతాచోట్ల ప్రతినిధికి ఫోన్ చేస్తే గుమాస్తా ఎత్తుతాడు. గుమాస్తా లేకపోతే బంట్రోతు ఎత్తుతాడు, ఎత్తి విసుక్కుంటాడు. తమ సారు అలా కాదు. ఎవరు చేసినా స్వయంగా ఎత్తుతారు. "ఆఁ, చెప్పు చెల్లెమ్మా" అంటారు. ముసలివాళ్ళయితే "చెప్పు పెద్దమ్మా" అంటారు. చెప్పిందంతా ఓపిగ్గా విని, చివర్లో "అయిపోతుంది" అంటారు. ఆ ఒక్క మాటకే మురిసిపోయి ఎన్నికల తర్వాత ఎన్నికల్లో ఆయన్నే గెలిపిస్తూ వచ్చారు. పని అయిందా లేదా అని ఆరా తీసేవాడు అక్కడ దుర్మార్గుడి కింద లెక్క. "అంత పెద్దమనిషి ఫోనెత్తి మాట్లాడాడు, అది చాలదూ?" అని వాడి నోరు మూయించేవాళ్ళు.

చాలదు. ఎందుకంటే ఫోనెత్తేది సారు కాదు.

సారు ఆఫీసులో మేడమెట్ల కింద ఒక గది ఉండేది. పాతకాలంలో చీపుర్లూ బకెట్లూ పెట్టుకునే గది. కిటికీ లేదు. ఒక బల్ల, ఒక ఫోను, మేకుకు వేలాడే ఒక చొక్కా. ఉక్క భరించలేక చొక్కా విప్పేసి, బనీనుతో కూర్చుని, ఆ గదిలోంచి సారుగా మాట్లాడేవాడి పేరు చిలక.

చిలక అన్నది అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదు, బడి పెట్టిన పేరు. ఒక మధ్యాహ్నం లెక్కల మాస్టారి గొంతుతో వరండాలోంచి "ఇవాళ్టికి చాలు, ఇళ్ళకు పొండి" అని అరిచాడు. తరగతి తరగతంతా సంచులు సర్దుకుని వెళ్ళిపోయింది. మాస్టారు వచ్చి ఖాళీ బల్లలు చూసి, ఆ మాట తనే అన్నానేమోనని కాసేపు ఆలోచనలో పడ్డాడట. తేరుకున్నాక చిలక వీపు విమానం మోత మోగించాడు. ఆ దెబ్బలవల్ల వాడికి అబ్బిన చదువు ఒక్కటే: గొంతు సరిగ్గా తీస్తే మనిషి అక్కర్లేదు.

తల్లి తొందరగా పోయింది. అక్క నాలుగిళ్ళ బట్టలు ఉతికి వాణ్ణి పెంచింది. పెద్దయ్యాక బస్టాండులో మైకు పట్టుకున్నాడు, రేడియో రిపేరు షాపులో కూర్చున్నాడు, ఏదీ కుదురుగా చెయ్యలేదు. విందుల్లో, వార్షికోత్సవాల్లో గొంతులు తీసి నవ్వించడం ఒక్కటే వాడికి వచ్చిన విద్య. ఒకసారి వర్తక సంఘం విందులో, సారు ముందు వరసలో కూర్చుని ఉండగానే, సారు గొంతు తీశాడు. హాలంతా బిగుసుకుపోయింది. నవ్వాలా వద్దా అని జనం సారు మొహం చూశారు. సారు సెక్రటరీ మొహం చూశాడు. సెక్రటరీ నవ్వాడు. అప్పుడు సారు నవ్వాడు, ఆ తర్వాత హాలు నవ్వింది. పెద్దమనుషులున్నచోట నవ్వు కూడా వరస తప్పకుండా రావాలి మరి.

మర్నాడు సెక్రటరీ కబురుపెట్టాడు.

"ఉద్యోగం ఇస్తాను, చేస్తావా?"

"ఏం పని సార్?"

"సారు చేసే పనే."

"అమ్మో! నేనెక్కడ, సారెక్కడ! నాకేం వచ్చు సార్?"

"ఏమీ రానక్కర్లేదు. మాట్లాడాలి, అంతే" అని సెక్రటరీ ఓ పెద్దన్నలా పాఠం చెప్పాడు. "కాదు అనే మాట నోట్లోంచి రాకూడదు. ఎప్పటికి అనేది అసలే రాకూడదు. చేస్తాను అనకు. చేస్తానంటే చేసేవాడొకడు ఉండాలి కదా? అయిపోతుంది అను. దానికి ఎవరూ అక్కర్లేదు."

చిలకకు ఇందులో తప్పు కనిపించలేదు. కనిపించకపోవడమే కాదు, చేరిన కొన్నాళ్ళకే తనేదో ప్రజాసేవ చేస్తున్నాననే భ్రమ కూడా పుట్టింది. గుండె బరువుతో ఫోన్ చేసినవాళ్ళు తేలికపడి పెట్టేస్తున్నారు, ఇంతకంటే పుణ్యం ఏముంది అనుకునేవాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు. ఇక్కడ నోరు మరీ మంచిదైపోయి, ఊరు బాగుపడే పనే లేకుండా పోయింది.

పైగా వాడికి విద్య మీద మక్కువ. సారుది నిజానికి బండగొంతు, మాట మధ్యలో విసుగు. చిలక ఆ బండతనం కాస్త తగ్గించి, ఆ విసుగును ఆప్యాయంగా మార్చి, "ఆఁ" దగ్గర చిన్న దీర్ఘం చేర్చాడు. ఎదురుపడి సారును చూసినవాళ్ళు "ఫోన్లో అయితే ఇంకా బాగా మాట్లాడతారండీ" అని ఆయన మొహం మీదే అనేవాళ్ళు. దాంతో సారు మెట్ల కింద తలుపు దగ్గర నిలబడి విని, ఆ దీర్ఘం తనూ నేర్చుకున్నాడు. ఎవరు ఎవర్ని అనుకరిస్తున్నారో చివరికి సెక్రటరీక్కూడా తెలియకుండా పోయింది.

ఈ సంగతి బయట పొక్కకూడదని ఒట్టు. ఇంట్లో చిలక "ఫోన్ల విభాగం చూస్తాను" అని చెప్పుకునేవాడు. విభాగం అనేసరికి అక్క పొంగిపోయి వీధంతా చెప్పుకుంది.

అక్క ఇప్పుడు నాలుగిళ్ళ బట్టలు ఉతకడం లేదు. హోటళ్ళ దుప్పట్లు, ఆసుపత్రి దుప్పట్లు మూటలు మూటలుగా తెచ్చి ఉతికి, డాబా మీద దండేలకు ఆరేసి, ఇస్త్రీ చేసి పంపుతుంది. కూతురు తోడు. డాబా ఎక్కితే తెల్లటి దుప్పట్ల మధ్య మనిషి కనిపించదు, గొంతు వినిపిస్తుంది. అక్క గొంతు అయితే వీధి చివరికి వినిపిస్తుంది. తగువులు తీర్చాలన్నా పెట్టాలన్నా ఆ వీధికి ఆవిడే దిక్కు.

ఆ డాబా మీదుగా ఒక కరెంటు తీగ పోతుంది. స్తంభం ఒరిగి, తీగ రోజురోజుకీ కిందికి జారుతూ వచ్చింది. మొదట చేయి చాపినా అందేది కాదు. తర్వాత కర్రకు అందేంత దిగింది. గాలి లేస్తే తడి దుప్పటి ఎగిరి దాన్ని తాకేలా ఉంది. తల్లీకూతుళ్ళు ఒకరు ఆరేస్తుంటే ఒకరు వెదురుకర్రతో దుప్పట్లను అదిమిపట్టుకుని కాపలా కాసేవాళ్ళు. లైన్‌మన్‌ను అడిగితే పై నుంచి ఆర్డరు రావాలన్నాడు. పైన ఎవరు అంటే ఇంకా పైన అన్నాడు.

నెలకోసారి పురపాలక హాల్లో ప్రజల సభ జరుగుతుంది. ఎవరైనా లేచి అడగవచ్చు. సారు అందరి ముందూ జవాబు చెప్పాలి, పత్రికలవాళ్ళు రాసుకుంటారు. ఇది సారు దయాధర్మం కాదు, చట్టం ఇచ్చిన హక్కు. కానీ ఫోన్లో సారే పలుకుతుంటే చొక్కా మార్చుకుని హాలు దాకా పోయేదెవరు? నెలనెలా తప్పకుండా వచ్చేవి కుర్చీలే.

పక్కింట్లో లారీ నడిపి మానేసిన ముసలాయన ఉన్నాడు. అందరికీ లారీ బాబాయ్. "ఈసారి సభకు వీధంతా కలిసి పోదామమ్మా" అన్నాడు ఆయన. "ఒక్కరు పోతే బతిమాలడం, పదిమంది పోతే అడగడం."

అక్క ఒప్పుకుంది గానీ ఆవిడకు మర్యాద ఒకటి అడ్డొచ్చింది. "ముందు ఫోన్లో ఒక మాట చెవిన వేద్దాం బాబాయ్. చెప్పాపెట్టకుండా పదిమందిమి మీద పడితే ఆయన్ని నిలదీసినట్టుంటుంది" అని ఫోన్ చేసింది.

మెట్ల కింద గదిలో ఫోను మోగింది. చిలక ఎత్తి, "ఆఁ" అన్నాడు.

"నమస్కారం సారూ..."

అక్క గొంతని మొదటి మాటకే తెలిసింది. వాడికి తెలియకపోతే ఎవరికి తెలుస్తుంది? అక్కడే "అక్కా, నేనే" అని ఉండవచ్చు. గదిలో ఇంకెవరూ లేరు. తలుపు కూడా వేసి ఉంది. కానీ వాడికి ఒక దురద పుట్టింది. ఊరందర్నీ నమ్మించాను, ఎత్తుకుని పెంచిన అక్క పోల్చుకుంటుందా, పోల్చుకోదా? పోల్చుకుంటే నవ్వేసి ఒప్పుకుందామనుకున్నాడు.

"చెప్పు చెల్లెమ్మా" అన్నాడు, తనకంటే పన్నెండేళ్ళు పెద్దదాన్ని.

అక్క చెప్పింది. తీగ సంగతి చెప్పింది, కూతురి సంగతి చెప్పింది. "పొద్దున్నే పిల్లని డాబా ఎక్కిస్తుంటే కాళ్ళు వణుకుతాయి సారూ. ఎక్కించకపోతే పూట గడవదు" అంటూ ఏడ్చింది. వీధిలో ఎవరి ముందూ ఏడవని మనిషి. "మా తమ్ముడు మీ ఆఫీసులోనే చేస్తాడు సారూ. వాడికి చెప్పలేదు. చెప్తే మిమ్మల్ని అడగలేక, నాకు కాదనలేక నలిగిపోతాడు. పిచ్చివెధవ, వాడి ఉద్యోగానికి నావల్ల మాట రాకూడదు."

చిలక ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం కూడా సారు ఆగినట్టే కుదిరింది.

"ఏడవకు చెల్లెమ్మా. నీ కూతురు నా కూతురు కాదా? అయిపోతుంది."

అక్క దండాలు పెడుతూ ఫోను పెట్టేసింది. ఫోను కింద పెట్టగానే చిలకకు కలిగింది బాధ అనుకుంటే పొరపాటు. సంతోషం కలిగింది! సొంత అక్కే పోల్చుకోలేకపోయింది! వాడి విద్యకు అంతకంటే బిరుదు ఏముంటుంది? చొక్కా వేసుకుని బయటికి వెళ్ళి టీ తాగాడు. సగం గ్లాసు అయ్యాకగానీ, ఆవిడ ఏం చెప్పిందో వాడి బుర్రకెక్కలేదు.

సాయంత్రం వీధిలో అక్క మకుటం లేని మహారాణి. "సారు మాట ఇచ్చారు. ఇంక సభకు పోయి ఆయన్ని పదిమందిలో చిన్నబుచ్చడం దేనికి?" అని అందర్నీ ఆపేసింది. లారీ బాబాయ్ నసిగాడు. ఆవిడ గొంతు ముందు ఆయన నసుగుడు ఎంత!

చిలక పని చేయించడానికే ప్రయత్నించాడు, ఆ మాత్రం చెప్పాలి. మొదట సెక్రటరీని పట్టుకున్నాడు.

"ఏ వీధి?" అన్నాడు సెక్రటరీ. చెప్పాడు. "వాళ్ళు మనకే ఓటు వేస్తారుగా?"

"మనకే సార్."

"మరి చేయడం దేనికి? ఎక్కడికి పోతారు?"

"పోనీ, వేయనివాళ్ళయితే చేస్తారా సార్?"

"వేయనివాళ్ళకు ఎందుకు చేస్తాంరా?" అన్నాడు సెక్రటరీ, వీడింత అమాయకుడేమిటన్నట్టు.

తర్వాత కారెక్కుతున్న సారుకు అడ్డం పోయి తీగ గురించి చెప్పాడు. సారు భుజం తట్టి, చిలక నేర్పిన దీర్ఘంతోనే "ఆఁ, అయిపోతుంది" అన్నాడు. కారు కదిలింది. ఆ మాట చెవినపడ్డవాడికి లోపల ఎలా ఉంటుందో చిలకకు అంతవరకూ తెలియదు.

ఇంక మిగిలింది ఒకటే. తలుపు వేసుకుని, విద్యుత్ శాఖ ఇంజినీరుకు సారు గొంతుతో ఫోన్ చేశాడు. ఈసారి ఆప్యాయత తీసేసి అసలు బండగొంతే పెట్టాడు. అవతల ఇంజినీరు హడలిపోయాడు. చిన్నగా దగ్గి, వణుకుతూ "తమరు చెప్పాక ఇంకో మాటా సార్! ఇవాళే మనిషిని పంపిస్తాను సార్" అన్నాడు. చిలక పొంగిపోయాడు. వారం గడిచింది, మనిషి రాలేదు. మళ్ళీ చేశాడు. "తమరు చెప్పాక ఇంకో మాటా సార్!" అన్నాడు ఇంజినీరు. అదే దగ్గు, అదే చోట. అదే వణుకు, మొదటిసారి ఎంత ఉందో అంతే. నిజంగా భయపడ్డవాడు రెండోసారి అచ్చం అలాగే వణకలేడు. పాము కాళ్ళు పాముకెరుక.

"గురువుగారూ, మీరు ఇంజినీరు కాదు కదా?" అన్నాడు చిలక తన గొంతుతో.

దొంగకు తేలు కుట్టినట్టు అవతల ఇంజినీరు గొంతు పడిపోయింది. తర్వాత ఒక పీల గొంతు మెల్లగా అడిగింది. "అన్నా... నువ్వూ అంతేనా?"

ఇద్దరూ కాసేపు నవ్వుకున్నారు. తర్వాత నవ్వు రాలేదు.

"మీ ఆఫీసు నుంచి ఎవరు చేసినా 'సరే సార్' అనమన్నారన్నా. పని మాత్రం చేయొద్దన్నారు."

"ఒకవేళ మా సారు నిజంగా చేస్తే?"

"ఇంతవరకూ చేయలేదన్నా" అన్నాడు పీల గొంతువాడు. "నీకు ఆ తీగ నిజంగా పైకి లేవాలంటే ఫోన్లు పెట్టుకోకు. జనాన్ని తీసుకుని మనిషి ఎదురుగా కూర్చో. ఫోన్లో పనులు జరగకూడదనే కదా మనల్ని పెట్టుకున్నారు."

ఇంత తెలిసీ చిలక నోరు విప్పలేదు. విప్పితే ఉద్యోగం పోతుంది, అక్క దగ్గర మొహం పోతుంది. ఇవాళ చెప్దాం, రేపు చెప్దాం అని నాన్చాడు. పిరికివాడి లెక్కలు ఎప్పుడూ రేపటితోనే తేలతాయి.

గాలి మాత్రం రేపటిదాకా ఆగలేదు. ఒక పొద్దున ఒక తడి దుప్పటి దండెం మీంచి లేచి తీగను కరుచుకుంది. దాని కొస మేనకోడలి చేతిలో ఉంది. పిల్ల ఎగిరి డాబా గోడ దగ్గర పడింది. ప్రాణం దక్కింది. అరచేయి కాలిపోయింది.

చిలక పరిగెత్తుకు వెళ్ళేసరికి, కట్టుకట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పిల్ల మంచం మీద కూర్చుని ఉంది. లారీ బాబాయ్ గుమ్మంలో నిలబడి ఏదో అంటున్నాడు. అక్క ఆయన మీద మండిపడుతోంది.

"ఆయనకు వెయ్యి పనులుంటాయి బాబాయ్! మాట ఇచ్చిన మనిషి, ఆలస్యం అయిందంతే."

"అక్కా, ఆయన్ని నమ్మకు" అన్నాడు చిలక.

"తిన్నింటి వాసాలు లెక్కపెడుతున్నావా? నీకు అన్నం పెట్టేది ఎవర్రా? ఉండు, నేనే మళ్ళీ అడుగుతాను" అని ఫోను తీసి నంబరు నొక్కింది.

అవతల మెట్ల కింద ఖాళీ గదిలో ఫోను మోగుతూనే ఉంది.

"ఎవరూ ఎత్తరక్కా" అన్నాడు చిలక.

"ఎందుకెత్తరు? ఎప్పుడు చేసినా ఎత్తుతారు."

చిలక గోడవైపు తిరిగాడు. ఆవిడ మొహం చూస్తూ అనలేక, అటు తిరిగే సారు గొంతు తీశాడు. "ఏడవకు చెల్లెమ్మా. నీ కూతురు నా కూతురు కాదా? అయిపోతుంది."

అక్క చేతిలో ఫోను ఇంకా మోగుతోంది. తిడుతుంది, కొడుతుంది అనుకున్నాడు. కొడితే బాగుండునని కూడా అనుకున్నాడు. ఆవిడ ఫోను ఆపేసి, లారీ బాబాయ్ వైపు తిరిగి, "సభ ఎప్పుడు బాబాయ్?" అని అడిగింది.

సభ రోజున కుర్చీలు చాల్లేదు. వీధికి వీధే వచ్చింది. సగం కాలిన దుప్పటిని పట్టుకుని అక్క ముందు వరసలో నిలబడింది, పక్కన కూతురు. జనాన్ని చూసి సారు కంగారుపడ్డా, పత్రికలవాళ్ళను చూసి చిరునవ్వు పెట్టుకున్నాడు. ఆవిడ చెప్పిందంతా తల ఊపుతూ విన్నాడు. చివర్లో ఆయనకు వచ్చిన ముక్క ఒకటే కాబట్టి అదే అన్నాడు.

"ఆఁ, అయిపోతుంది చెల్లెమ్మా."

"మా తమ్ముడు ఇంతకంటే బాగా అంటాడు సారూ" అంది అక్క. "అది కాదు, ఎప్పటికో చెప్పండి. చెప్పేదాకా మేం కూర్చుంటాం."

కూర్చుంది. వీధంతా కూర్చుంది. సారు సెక్రటరీ మొహం చూశాడు. సెక్రటరీ పైకప్పు చూశాడు. పత్రికలవాళ్ళు పెన్నులు పట్టుకుని ఎదురుచూస్తున్నారు. ఎప్పుడు అనే ప్రశ్నకు జవాబు చెప్పడం ఆయన జీవితంలో అదే మొదలు. చెమటలు కక్కి, నీళ్ళు తాగి, ఆఖరికి "రేపు" అన్నాడు. "పొద్దునా, సాయంత్రమా?" అని లారీ బాబాయ్ అడిగాడు. మర్నాడు పొద్దున్నే లైన్‌మన్లు నిచ్చెనతో వచ్చారు. స్తంభం నిటారుగా నిలబడింది, తీగ ఎక్కడుండాలో అక్కడికి పోయింది. అన్నాళ్ళు సాధ్యంకాని పని వాళ్ళు భోజనాల వేళకు ముగించి వెళ్ళిపోయారు.

చిలక ఉద్యోగం అదే రోజు పోయింది. అదేమంత విశేషం కాదు. మెట్ల కింద ఇంకొకణ్ణి వెతికి పెట్టుకుంటారు, గొంతులకు కరువా?

అక్క వాణ్ణి ఇంట్లోంచి గెంటలేదు. వేళకు భోజనం పెట్టేది, పలకరించేది కాదు. కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం డాబా మీద తడి దుప్పటి రెండు కొసలూ తను పట్టుకుని, మిగిలిన రెండూ వాడికి అందించింది. ఇద్దరూ పిండుతున్నారు. అప్పుడు అడిగింది.

"నాకైతే తమ్ముడివి కాబట్టి వచ్చి చెప్పావు. నాలాగా ఎంతమంది ఏడ్చార్రా ఆ ఫోన్లో?"

చిలక దుప్పటిని ఇంకో మెలి తిప్పాడు.

"వాళ్ళంతా సారు మాట ఇచ్చారని ఇంకా కూర్చునే ఉంటారు. పో. పోయి వాళ్ళకి చెప్పు."

వెళ్ళడానికి వాడు సిద్ధమే. ఆ ఏడ్చినవాళ్ళ గొంతులన్నీ వాడి చెవుల్లో ఉన్నాయి. మంచినీళ్ళు లేవన్న ముసలావిడ, బడి పైకప్పు కురుస్తోందన్న పంతులమ్మ, ఆసుపత్రిలో డాక్టరు రావడం లేదన్న ఎవరో కొత్తగా తండ్రయినవాడు. కావాలంటే ఒక్కొక్కరినీ అచ్చు గుద్దినట్టు పలికి వినిపించగలడు. కానీ వాళ్ళు ఏ వీధి అని చెప్పబోయిన ప్రతిసారీ, "మీ వీధి నాకు తెలియదా!" అని ఆప్యాయంగా అడ్డుకున్నది వాడే. అలా అంటే జనం కరిగిపోయేవాళ్ళు. ఒక్కరి ఇల్లు ఎక్కడో కూడా వాడికి తెలియదు.